కోడు చూపేది యంత్రం, కారణం తేల్చేది కార్మికుడు

మోటారు వాహనాల మరమ్మతు రంగంలో ఒక చెడు అలవాటు పాతుకుపోతున్నది. కారు మొరాయిస్తుంది. మెకానిక్ స్కానరు తగిలిస్తాడు. తెరపై ఒక కోడు వస్తుంది. ఆ కోడు ఏ ఎలక్ట్రానిక్ పెట్టె పేరు చెబితే ఆ పెట్టెను మార్చివేయమని పైనుండి ఆదేశం వస్తుంది. ఖరీదైన పెట్టె మారిన తరువాత కూడా లోపం తొలగకపోతే, ఆదేశమిచ్చినవారు తప్పుకుంటారు; నింద మాత్రం పని చేసినవానిపై పడుతుంది. తపాలా శాఖ మెయిల్ మోటార్ సర్వీస్ వర్క్‌షాపులలోని సోదరులకే కాక, తీగలపై సందేశం నడిపే ప్రతి కార్మికునికీ ఈ ధోరణి ఆందోళన కలిగించవలసినదే.

పూర్వపు కారులో ప్రతి దీపానికీ, ప్రతి మీటకూ విడి తీగ ఉండేది. నేటి కారులో ఇంజను, బ్రేకు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగు మొదలైన వాటికి వేర్వేరు నియంత్రణ పెట్టెలున్నాయి. ఇవి పరస్పరం సందేశాలు పంపుకొనే ప్రధాన మార్గం పెనవేసిన రెండు తీగలు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో రూపకల్పన మొదలుపెట్టి 1986లో వెల్లడించిన ఈ విధానానికి ‘క్యాన్’ అని పేరు. ఒకే లైనుపై అనేక స్టేషన్లు పలికే మన రైల్వే కంట్రోలు టెలిఫోనును తలచుకుంటే దీని స్వరూపం సులభంగా బోధపడుతుంది.

ఇప్పుడు కోడు సంగతి చూద్దాం. ‘యు 0100’ అని తెరపై కనిపిస్తే, ఇంజను నియంత్రణ పెట్టెతో సంబంధం తెగిపోయిందని అర్థం. పెట్టె చెడిపోయిందని కాదు. కంట్రోలు పిలుపుకు ఒక స్టేషను పలకనంత మాత్రాన, అక్కడి స్టేషను మాస్టరు విధుల్లో లేడని మనం తీర్పు చెప్పము గదా! ఫోను పాడై ఉండవచ్చు; దారిలో తీగ తెగి ఉండవచ్చు. కారులోనూ అంతే. ఫ్యూజు పోవచ్చు, ఎర్తు తుప్పు పట్టవచ్చు, కనెక్టరులో నీరు చేరవచ్చు, తీగను ఎలుక కొరకవచ్చు. బ్యాటరీ బలహీనపడినా ఇట్టి కోడులే వస్తాయి. మౌనం వహించినదెవరో మాత్రమే స్కానరు చెబుతుంది. మౌనానికి కారణం చెప్పదు.

ఆ కారణాన్ని వెదికే శాస్త్రం మనకు కొత్త కాదు. 1985లో తంతి తపాలా శాఖ రెండుగా విడిపోవడానికి ఎంతో ముందునుండే లైన్ సిబ్బంది లోపాలను మూడు తరగతులుగా చూసేవారు: తీగ తెగుట, భూమికి తగులుట, మరొక తీగకు తగులుట. క్యాన్ తీగలకూ ఈ మూడే ప్రధాన రోగాలు. ఈ మార్గం రెండు కొసలలో ఒక్కొక్కటి 120 ఓమ్‌ల నిరోధకాలుంటాయి. బ్యాటరీ సంబంధం తొలగించి, పరీక్షా సాకెట్టులోని 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటరు పెడితే సాధారణంగా 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక కొస తెగినట్లు. సున్నాకు చేరువైతే రెండు తీగలు ఒకదానికొకటి తగిలినట్లు. ఏదేని తీగకూ కారు బాడీకీ మధ్య సున్నా వస్తే అది భూమికి తగిలినట్లు. ఆపై కనెక్టర్లను క్రమంగా విడదీస్తూ, ఏది విడివడినప్పుడు మార్గం తేరుకుంటుందో చూడాలి. ఈ పనికి కావలసినవి మీటరు, వైరింగు పటం, శిక్షణ, అన్నిటికీ మించి తగిన సమయం.

కాని ఆ పటమే కార్మికునికి అందడం లేదు. కొన్ని కొత్త కార్లలో సాకెట్టు వెనుక ‘గేట్‌వే’ అనే కాపలా పెట్టె ఉంటుంది. అట్టి కార్లలో పైన చెప్పిన కొలత లోపలి తీగల సంగతి చెప్పకపోవచ్చు. కంపెనీ అనుమతి లేని స్కానరుకు కొన్ని పరీక్షలు నిషిద్ధం. దొంగల నుండి, దూరం నుండి చొరబడేవారి నుండి కారుకు రక్షణ కావలసినదే, కాదనము. కాని తాళం పేరు చెప్పి, శిక్షణ పొందిన మెకానిక్‌ను గుమ్మం బయట నిలబెట్టడం రక్షణ కాదు, గుత్తాధిపత్యం. విడిభాగాలను, పరీక్షా పరికరాలను, సాంకేతిక సమాచారాన్ని స్వతంత్ర మరమ్మతుదారులకు అందనీయడం లేదని 2014 ఆగస్టులో మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా విధించింది. కంపెనీలు ఆ ఉత్తర్వుపై న్యాయపోరాటానికి దిగాయి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’పై కమిటీ వేసింది, దాని పరిధిలో మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లు 2012లోను, 2020లోను ఈ హక్కును బలపరచారు.

వాహన యజమాని హక్కు గురించి మాట్లాడేవారు మరమ్మతు చేసే చేతుల హక్కును మరువరాదు. కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. ప్రభుత్వ శాఖలు వాహనాలు కొనే ఒప్పందంలోనే వైరింగు పటాలు, పరీక్షా సాఫ్ట్‌వేరు, సిబ్బంది శిక్షణ షరతులుగా చేర్చాలి. లోపం వెదకడానికి పట్టే కాలాన్ని పనిగానే లెక్కించాలి. కొలతలు తీసి నమోదు చేయనిదే పెట్టె మార్చమని ఎవరూ ఆదేశించరాదు. కేవలం కోడు ఆధారంగా ఏ కార్మికునిపైనా చర్య తీసుకోరాదు.

ఈ కోరికలను శాఖా సమావేశాలలో చర్చించి, తీర్మానాలుగా పంపవలసిందిగా యూనిట్లను కోరుతున్నాము. పటమూ, సమయమూ మన చేతికి ఇవ్వకుండా ఫలితానికి మాత్రం మనలను బాధ్యులను చేసే పద్ధతి అన్యాయం. ఆ అన్యాయాన్ని ఒక్క వర్క్‌షాపులో అంగీకరించినా, రేపు అదే పద్ధతి ప్రతి సిగ్నల్ గదికీ, ప్రతి తపాలా కార్యాలయానికీ వస్తుంది.