మా హాల్లో జూనో నెమళ్ళు

రాయపురంలో మా ఇంటి హాల్లో ఎప్పట్నించో మూడు పటాలున్నాయి. వెంకటేశ్వరస్వామి, తాతగారి ఫోటో, పాత రవివర్మ అచ్చుబొమ్మ 'శకుంతల జననం'. పోయిన సంక్రాంతికి జర్మనీలో చదువుకుంటున్న మా తమ్ముడి కూతురు నాలుగోది తెచ్చింది. రూబెన్స్ 1610 ప్రాంతంలో వేసిన 'జూనో, ఆర్గస్' అనే బరోక్ చిత్రానికి కాపీ. అసలుది కొలోన్ నగరం మ్యూజియంలో ఉంది.

ఎర్రటి బట్టల్లో దేవతల రాణి జూనో, పక్కన నెమళ్ళు. బాగానే ఉంది. కానీ ముందు తల లేని మొండెం పడి ఉంది! అది వంద కళ్ళ కావలివాడు ఆర్గస్‌ది. అతన్ని మెర్క్యురీ చంపేస్తే, జూనో ఆ కళ్ళు తీసి నెమలి తోకకు పెడుతోంది.

"పండగపూట ఇంట్లో శవం బొమ్మేందే?" అంది పిన్ని. ఆ మాట తీసిపారేసేది కాదు. భారతయుద్ధం బొమ్మ, ఉగ్రనరసింహుడి పటం ఇంట్లో వద్దని మన పెద్దలూ అంటారు కదా.

అవ్వ మాత్రం బొమ్మ దగ్గరకెళ్ళి చూసి, "నెమలికి కళ్ళిచ్చింది మన ఇంద్రుడు కదే!" అంది. ఉత్తరకాండ కథ ఎత్తుకుంది. మరుత్తుడి యజ్ఞానికి రావణుడొస్తే దేవతలు భయపడి జంతువుల్లో, పక్షుల్లో దాక్కున్నారట. యముడు కాకి, వరుణుడు హంస, కుబేరుడు ఊసరవెల్లి, ఇంద్రుడు నెమలి. గండం గడిచాక ఇంద్రుడు తన వేయి కళ్ళు నెమలి ఈకలకు వరమిచ్చాడట. అంతకుముందు దాని తోక వట్టి నీలమేనట.

ఈ కథ నేనెప్పుడూ వినలేదు. బళ్ళో తమిళం, ఇంగ్లీషు తప్ప తెలుగు అక్షరం తెలియని పిల్లలు కదలకుండా విన్నారు.

అప్పుడు రవివర్మ బొమ్మ వైపు చూశాను. మేనక బిడ్డను చాపితే విశ్వామిత్రుడు మొహం తిప్పుకున్నాడు. అదేమన్నా తక్కువ కఠినమా? ఏళ్ళుగా దుమ్ము దులుపుతున్నాం గానీ, ఆ కథ పిల్లలకు ఒక్కరమూ చెప్పలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఏ దేశం పురాణమైనా హాల్లో పెట్టుకోండి, పూజగదిలో వద్దు. మాలాగా సముద్రం దగ్గరుంటే ఉప్పుగాలి తగలకుండా అద్దం బిగించండి. కానీ మేకు కొట్టేముందు, ఆ కథ తెలుగులో ఎవరు చెబుతారో తేల్చుకోండి. మనలాంటి ఇళ్ళల్లో పిల్లలకు తెలుగు పుస్తకం అందదు, గోడ మీది బొమ్మ అందుతుంది.

పిన్ని ఇప్పటికీ ఆ బొమ్మకు వీపు పెట్టే కూర్చుంటుంది. అవ్వ కథ మొదలుపెడితే మాత్రం టీవీ సౌండు తగ్గిస్తుంది.