ముందు అడుగు, పాట తర్వాత

సంగీత్ ఫంక్షన్ల పుణ్యమా అని జంట డాన్సు మన ఇళ్లలోకీ వచ్చేసింది. పెళ్లికి వారం ముందు మాస్టర్ ఇంటికొస్తాడు. పెళ్లికొడుకు అమ్మానాన్నల్ని హాల్లో నిలబెట్టి, మూడు నిమిషాల పాటకి చేతులెప్పుడు ఎత్తాలో, ఎప్పుడు గుండ్రంగా తిరగాలో బట్టీ పట్టిస్తాడు. స్టేజీ మీద ఎలాగో గట్టెక్కుతారు. వీడియో గ్రూపుల్లో తిరుగుతుంది. మర్నాడు పాట మార్చి అడుగు వేయమనండి, రాదు. దీన్ని నేర్చుకోవడం అంటారా? గణాలు తెలియకపోయినా పద్యం అప్పజెప్పగలం. కొత్త పద్యం మాత్రం రాయలేం.

జంటగా ఆడాలంటే ముందు అడుగు నేర్చుకోవాలి. పాట తర్వాత. ఆ అడుగు పెళ్లికి సిద్ధమైన పిల్లల కన్నా నలభై దాటిన మనకే ఎక్కువ అవసరం అంటాను నేను.

ఎందుకంటారా? ఏ సాయంత్రమైనా ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ వైపు వాకింగ్‌కి రండి. తార్నాక నుంచి వచ్చే మన వయసు జంటల్ని చూడండి. ఆయన పది అడుగులు ముందు, ఆవిడ వెనక. పాతికేళ్లు కాపురం చేశారు, పక్కపక్కన నడవడం అలవాటు కాలేదు.

మావారూ నేనూ తార్నాకలో సల్సా క్లాసుకి వెళ్తున్నాం. మొదటి నెలంతా ఒకటే పని. లెక్క ఎనిమిది. ఒకటి, రెండు, మూడుకి అడుగులు, నాలుగుకి ఆగడం. అయిదు, ఆరు, ఏడుకి అడుగులు, ఎనిమిదికి ఆగడం. నడిపించేవారు ఒకటికి ఎడమకాలు ముందుకి వేస్తే, ఎదుటివారు కుడికాలు వెనక్కి వేస్తారు. "ఇంతేనా?" అంటారు అందరూ. ఆ ఇంతే సరిగ్గా వస్తే మిగతాది దానంతటదే వస్తుంది.

అడుగు వేయడమంటే ఒంటి బరువంతా ఆ కాలి మీదికి తేవడం. అడుగేశాక రెండో కాలు తూలకుండా ఎత్తగలిగితే బరువు మారినట్టు. అడుగు మన పాదమంత ఉంటే చాలు, పెద్దదైతే తాళం తప్పుతుంది. కాళ్లకేసి చూడకూడదు. ఎదుటివారి చెయ్యి బొటనవేళ్లతో బిగించి పట్టుకోకూడదు. ఇంకోమాట, రబ్బరు అడుగున్న వాకింగ్ బూట్లతో గరుకు నేల మీద గిర్రున తిరగకండి. పాదం అక్కడే అతుక్కుపోతుంది, మోకాలు మెలిపడుతుంది. తిరగడాలు నున్నటి గచ్చు మీదే.

అసలు సంగతి ఇక్కడుంది. జంట డాన్సులో ఒకరు నడిపిస్తారు, ఒకరు అనుసరిస్తారు. "అంటే ఇక్కడా మగవాళ్ల పెత్తనమేగా!" అంది మా పక్కింటావిడ. పెత్తనం చేస్తే ఈ డాన్సు నడవదు. చెయ్యి పట్టి లాగడం నడిపించేవారి తప్పు. ముందు తను కదిలి, ఏం చేయబోతున్నాడో స్పష్టంగా తెలియజేసి, ఎదుటి మనిషి అడుగు పూర్తయ్యేదాకా ఆగాలి. చెప్పకుండానే "అర్థం చేసుకోవాలి కదా" అని విసుక్కునే మన మగవాళ్లకి ఇది కొత్త చదువు.

అనుసరించేవారి పెద్ద దోషం, ముందే ఊహించి కదిలిపోవడం. మన ఆడవాళ్లకి ఇదే కష్టం. అడక్కముందే కాఫీ ఇచ్చి, వెతక్కముందే కళ్లజోడు అందించి, ఇరవై ఏళ్లుగా అందరి మనసూ ఊహిస్తూ బతుకుతున్నాం. క్లాసులో మాత్రం "ఆగండమ్మా, ఆయన ఇంకా చెప్పలేదు" అంటారు. ఆగమని ఆడదానితో ఏ ఇంట్లోనైనా అంటారా? ఈ ఒక్క మాట కోసమైనా ఫీజు కట్టొచ్చు.

"మన సంప్రదాయం కాదు" అనేవాళ్లకీ జవాబుంది. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలుంటే సగం దేశి నాట్యాలవే. కర్రలతో ఆడే దండరాసకం అందులో ఉంది. మన కోలాటంలో ఎదుటి మనిషి కర్ర తగలకపోతే ఆటే లేదు, అడుగూ తాళమూ కుదరకుండా కోపు మార్చడం కుదరదు. అరకులో థింసా ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడతారు. సల్సా క్యూబా వాళ్ల తాళాల్లోంచి వచ్చి న్యూయార్క్‌లో ఆ పేరుతో పెరిగింది, నిజమే. పరాయిది అడుగుల వరస. ఎదుటి మనిషిని గమనిస్తూ ఆడటం మనకి పాతదే.

"ఎవరైనా చూస్తే?" అంటారా? భర్త భార్యని నలుగురిలో కసురుకుంటే సిగ్గుపడని వాళ్లం, చెయ్యి పట్టుకుంటే ఎందుకు సిగ్గుపడాలి?

కాబట్టి పెళ్లి పెట్టుకున్న అమ్మానాన్నలారా, మాస్టర్‌ని వారం ముందు కాదు, రెండు నెలల ముందు పిలవండి. స్టెప్పులు వద్దు, బేసిక్ నేర్పమనండి. ఇంట్లో రోజూ పది నిమిషాలు, కుక్కర్ విజిల్ వచ్చేలోపు లెక్కపెట్టుకుంటూ వేయండి. వారానికోరోజు మీరు నడిపించండి, ఆయన్ని అనుసరించమనండి. ఊహించి కదిలితే ఆపండి.

పాట ఏదో తర్వాత చూసుకోవచ్చు.