జెండా ధర వేరు, చేతికందే ధర వేరు

వరంగల్ ఏనుమాముల యార్డులో మిర్చికి జెండా పాట యింత పలికిందన్న కబురు అందగానే ములుగు, ఏటూరునాగారం, మంగపేట వైపు రైతులు బస్తాలు బండికెక్కిస్తారు. సాయంత్రం తక్‌పట్టీ చూసుకుంటే అందులో అంకె వేరుగా వుంటుంది. ఇందులో మోసం పాలెంత, మాటకు అర్థం తెలియకపోవటం పాలెంత అన్నది విడదీసి చూడాలి.

జెండా పాట అంటే ఆనాడు యార్డుకు వచ్చిన సరుకులో మేలైన రాశికి ఖరీదుదార్లు పాడిన గరిష్ఠ ధర. అది ఒకటి రెండు రాశులకే దక్కవచ్చు. తాలు కాయకూ, తేమ వున్న కాయకూ పలికేది కనిష్ఠ ధర. ఈ రెంటి మధ్య ఎక్కువ సరుకు ఏ ధరకు చేతులు మారిందో దానిని మోడల్ ధర అంటారు. రైతు తన సరుకును పోల్చుకోవలసింది దీనితోనే. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్‌లో మూడు ధరలూ కనిపిస్తాయి. అయినా ఊళ్లకు చేరే కబురు మాత్రం జెండా ధరే. యార్డు బోర్డు మీదా, పత్రికలోనూ మోడల్ ధరను ముందు వేసి జెండా ధరను దాని క్రింద వేయటం సబబు. వ్యాపారులకు యిది రుచించకపోవచ్చు. దూరం నుంచి సరుకును రప్పించేది ఆ పెద్ద అంకే గదా!

మద్దతు ధర విషయంలోనూ యిటువంటి పొరపాటే వుంది. ప్రత్తికి, ధాన్యానికి కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది, మిర్చికి లేదు. 2025 ఫిబ్రవరిలో క్వింటాలుకు రూ. 11,781 అని వినవచ్చినది మార్కెటు జోక్యపు పథకం క్రింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి నిర్ణయించినది. ములుగు రైతు దానిని తన హక్కుగా లెక్క వేసుకోవటానికి వీలులేదు. ప్రత్తికైనా షరతు వుంది. 2025-26కు పొడుగు పింజ రకానికి ప్రకటించిన రూ. 8,110 పూర్తిగా దక్కాలంటే తేమ 8 శాతం మించరాదు. ఆ పైన కోత. 12 శాతం దాటితే సి.సి.ఐ. కొనదు.

ఇక తేజీ, మందీ. ధర పెరుగుతుందని సరుకు పట్టి వుంచేవాడు తేజీవాలా. పడుతుందని ముందే అమ్ముకునేవాడు మందీవాలా. ఈ మాటలు సేట్లకు సంబంధించినవని రైతులు అనుకుంటారు. కాని కోల్డు స్టోరేజీలో మిర్చి పెట్టి, దాని మీద అప్పు తెచ్చుకున్న రైతు కూడా తేజీ వ్యాపారమే చేస్తున్నాడు, అదీ అప్పు సొమ్ముతో. మాటవరసకు నేటి ధర క్వింటాలుకు రూ. 14,000 అనుకుందాం. సరుకు విలువంతా అప్పుగా తీసుకుంటే, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున ఆరు నెలలకు రూ. 1,680 అవుతుంది. దానికి స్టోరేజీ అద్దె, హమాలీ, తూకంలో తరుగు కలపాలి. ధర రూ. 16,000 అయినా మిగిలేది స్వల్పం, రూ. 14,000 దగ్గరే నిలిచిపోతే నష్టమే. అప్పు యిచ్చిన అడ్తిదారుకు మాత్రం రెండు విధాలా వడ్డీ, కమీషను వస్తాయి. 2024లో దాచిన సరుకు 2025లో పడిపోయిన ధరల మధ్యకు వచ్చింది.

ఈ ప్రమాదాన్ని మరొకరికి అప్పగించటానికి పుట్టినవే వాయిదా బేరాలు. మూడు నెలల తర్వాత యిచ్చే సరుకుకు యీనాడే ధర కుదుర్చుకోవటం, పూచీగా కొంత సొమ్ము కట్టటం. ఆ సొమ్మునే మార్జిన్ అంటారు. ధర ఎదురు తిరిగితే అదనపు మార్జిన్ వెంటనే కట్టాలి, లేకుంటే బేరం తెగిపోతుంది. చేతిలో పంట వుండి అమ్మేవాడికి యిది రక్ష. పంట లేకుండా అమ్మేవాడికి సట్టా. నిజామాబాదు పసుపుకు ఎన్.సి.డి.ఇ.ఎక్స్.లో యిటువంటి బేరాలు నడిచాయి. ధాన్యం మాట వేరు. 2021 డిసెంబరులో బాస్మతి కాని వరితో సహా ఏడు సరుకుల వాయిదా బేరాలను సెబీ నిలిపివేసింది. ఒక్కొక్క లాటు టన్నుల లెక్కన వుండటంతో రెండెకరాల రైతు ఒంటరిగా యిందులో దిగలేడు. రైతు ఉత్పత్తిదారుల సంఘం పది మంది సరుకు కలిపి దిగవచ్చు. అయితే అదనపు మార్జిన్ అడిగిన రోజున ఆ సొమ్ము ఎవరు కట్టాలో సంఘం ముందుగానే కాగితం మీద రాసుకొని వుండాలి.