యానాం రేవు దాటినవాళ్ళం

రెండు వారాల కిందట శనివారం శాంటా క్లారాలో ఒక స్నేహితుడి ఇంట్లో భోజనాలకి కలిశాం. పది పన్నెండు కుటుంబాలు, అందరూ మనవాళ్ళే. పులిహోర, గోంగూర మటన్, పిల్లల గోల, ఓ పక్క టీవీలో వార్తలు. ఆ వార్తల్లో కాగితాల్లేని వలస కూలీలని పట్టుకెళ్ళడం చూపిస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న ఒక పెద్దమనిషి సోఫాలో వెనక్కి వాలి, "మంచి పని చేస్తున్నారు. మనం లైన్లో నిలబడి వచ్చాం, వీళ్ళు గోడ దూకి వచ్చారు. సరిహద్దు దాటిన దొంగలకి మర్యాదేంటండీ?" అన్నారు. నలుగురు తలలూపారు. నేను నోరు మూసుకుని పెరుగన్నం కలుపుకున్నాను. అప్పుడు మాట్లాడలేదు కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. కాకినాడలో సివిల్ డిప్లొమా చదివి, తొమ్మిదేళ్ళు దోహాలో సైట్ల మీద ఎండలో మాడి, మా ఆవిడ ఉద్యోగం పుణ్యమా అని ఇక్కడికి వచ్చాను. ఇక్కడ డేటా సెంటర్ల కాంక్రీటు పని చూస్తుంటాను. శాంటా క్లారా నగరానికి సొంత కరెంటు సంస్థ ఉంది, చుట్టుపక్కల ఊళ్ళకన్నా యూనిటు చవక, అందుకే ఇవన్నీ ఇక్కడికే వచ్చి పడుతున్నాయి. నా కింద కడ్డీలు కట్టేవాళ్ళు, సెంట్రింగ్ వాళ్ళు ఎక్కువమంది స్పానిష్ మాట్లాడేవాళ్ళే. ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో చూసుకోవడం ఆఫీసు పని. శ్లాబు లెవెలు చూసుకోవడం నా పని.

ఇక అసలు సంగతికి వస్తాను. మాది గౌతమి గోదావరి ఒడ్డున, ఎదుర్లంక వైపు ఒక పల్లె. ఏటికి అవతల యానాం. యానాం అనగానే మన కుర్రాళ్ళకి గుర్తొచ్చేది ఒక్కటే, సీసా. సెలవుల్లో ఇంటికెళ్తే కారేసుకుని వారధి మీదుగా వెళ్ళి తెచ్చుకోవడం, మళ్ళీ ఇక్కడికొచ్చి ఆ కథ చెప్పుకుని నవ్వుకోవడం. ఆ వారధి 2002లో వచ్చింది, బాలయోగి గారి పేరు పెట్టారు. అంతకుముందు మాకు పంటే గతి. సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, మనుషులు అందరం ఒకే పంటు మీద దాటేవాళ్ళం. నా చిన్నప్పుడు అవతలి ఒడ్డు ఇంకో రాష్ట్రం అన్నా నమ్మేవాణ్ణి కాదు. అదే యాస, అదే పులస పిచ్చి, అవే ఇంటిపేర్లు.

కానీ ఆ ఏరు ఒకప్పుడు రెండు దేశాల మధ్య సరిహద్దు. ఫ్రెంచివాళ్ళు 1723లో యానాంలో కొఠీ పెట్టారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ళు కొన్నిసార్లు లాక్కున్నా, చివరికి 1954 దాకా అది ఫ్రాన్సుదే. మొత్తం కలిపి ఓ 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ తెల్లదొర మద్రాసు రాజధాని, మధ్యలో ఇంకో తెల్లదొర ఊరు. అక్కడి మంగళవారం సంతకి మన ఊళ్ళవాళ్ళు కాలినడకన, పడవల మీద, బళ్ళ మీద పోయేవాళ్ళు. సుంకం కట్టని సీమ సరుకు దొరికేది, దాచిపెట్టుకుని ఇవతలికి తెచ్చుకునేవాళ్ళు. దాన్ని ఇంగ్లీషువాడు దొంగరవాణా అన్నాడు, మనవాళ్ళు సంత చేసుకోవడం అన్నారు.

సరుకుతో ఆగితే బాగుండేది. 1929లో శారదా చట్టం చేశారు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే శిక్ష. ఆ చట్టం ఇంగ్లీషువాడి నేల మీద చెల్లింది గానీ ఫ్రెంచి నేల మీద చెల్లలేదు. ఇంకేముంది, పిల్లని చంకనేసుకుని యానాం పోవడం, అక్కడ పందిరి వేసి తాళి కట్టించడం, తెల్లారేసరికి ఇంటికి వచ్చేయడం. మా నాయనమ్మ వాళ్ళ అమ్మ పెళ్ళి అలాగే అయింది, తొమ్మిదేళ్ళకి. నేను పదేళ్ళవాణ్ణప్పుడు ఆవిడ ఇంకా ఉంది, ముడతల చేతులతో నా తల నిమురుతూ చెప్పేది. నిద్రపోతుంటే ఎత్తుకెళ్ళి పడవెక్కించారట. చలేస్తుంటే వాళ్ళ నాన్న కండువా కప్పి, "మాట్లాడకమ్మా, అవతలికి పోయేదాకా మాట్లాడకు" అన్నాడట. పెళ్ళి సంగతి ఆవిడకి ఏమీ గుర్తులేదు. ఆ కండువా, నోరెత్తొద్దన్న మాట, నీళ్ళలో తెడ్డు చప్పుడు, ఇవే గుర్తు. పద్నాలుగేళ్ళకి, అంటే చట్టం పెళ్ళికి ఒప్పుకునే వయసుకి, ఆవిడ ఒళ్ళో బిడ్డ ఉంది.

అది మంచి చట్టం. మా ముత్తాతలు తప్పించుకున్నది ఒక మంచి చట్టాన్ని, అదీ ఒక పసిపిల్లని బలిపెట్టి. అయినా మా ఇంట్లో ఎవరూ వాళ్ళని సరిహద్దు దాటిన దొంగలు అనలేదు. "ఆ రోజుల్లో అలా ఉండేది" అని వదిలేశాం. ఇక్కడ మా సైట్లో కడ్డీలు కట్టే మనిషి గీత దాటింది ఎందుకండీ? మధ్యాహ్నం ఎండలో వంగి తీగ మెలివేయడానికి. ఈ రెండు దాటడాల్లో సిగ్గుపడాల్సింది ఏదో ఆ సోఫా మీద పెద్దమనిషిని అడగాలని ఉంది.

ఇంకా దగ్గరి కాలానికి రండి. 1995 జనవరిలో రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. యానాం పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి నిషేధం ఏటి దగ్గరే ఆగిపోయింది. 1997లో నిషేధం సడలించేదాకా మా రేవులో పంటుకి ఖాళీ ఉండేది కాదు. పాలక్యాన్లో అడుగున ఏముందో ఊరందరికీ తెలుసు. తర్వాత అమ్మకపు పన్ను తక్కువని టీవీలు, ఫ్రిజ్జులు, బళ్ళు కూడా అక్కడే కొన్నారు. పి.వై. 04 అని నంబరు ప్లేటున్న బళ్ళు మా వైపు ఎన్ని తిరిగేవో! 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సరుకుల మీద బేరం పోయింది గానీ పెట్రోలు, మందు బేరం పోలేదు. సరిహద్దు పక్కనున్న సంత ఊరు బతికేదే రెండు చట్టాల మధ్య తేడా మీద. ఊరివాళ్ళని ఏమీ అనక్కర్లేదు, తేడా ఉన్నచోట కొట్టు పెట్టుకున్నారు. కొనడానికి వెళ్ళింది మనం.

గీత కూడా ఎప్పుడూ ఒకచోట ఉండదు. 1954 జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య గారు ముందుండి యానాంని ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి తీసుకున్నారు. నవంబరు 1న పాలన మన దేశానికి వచ్చింది. చట్టప్రకారం బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న. అప్పుడు అక్కడ పుట్టినవాళ్ళకి ఆరు నెలల గడువిచ్చారు, కావాలంటే ఫ్రెంచి పౌరసత్వం రాసిచ్చి ఉంచుకోవచ్చని. ఆలోచించండి, ఇంట్లోంచి కదలకుండానే దేశం మారిపోయింది. ఇక్కడా అంతే కదా. నేను కాంక్రీటు పోయిస్తున్న ఈ శాంటా క్లారా నేల 1848 దాకా మెక్సికోదే. ఊరి పేరే చెబుతోంది. మా కడ్డీల గ్యాంగులో ఒక పెద్దాయన ఉన్నాడు, మెక్సికాలీ మనిషి. వాళ్ళ ఊరికి ఇవతల కాలెక్సికో. కాలిఫోర్నియా, మెక్సికో అనే రెండు పేర్లని అటొకలా ఇటొకలా అతికించి చేసిన ఊళ్ళు, మధ్యలో కంచె. కూరగాయల కోతల కాలంలో తెల్లవారుజామున రెండింటికీ మూడింటికీ లేచి వేలమంది గేటు దాటి ఇవతల పొలాలకి వస్తారట, వాళ్ళలో చాలామంది సరైన కాగితాలున్నవాళ్ళే. కాలెక్సికో కొట్లకి గిరాకీ కూడా అవతలివాళ్ళదే. కరోనాకి 2020 మార్చిలో గేటు బిగించి 2021 నవంబరులో తెరిచేలోపు ఎన్ని కొట్లకి దెబ్బ తగిలిందో ఆయన చెబుతుంటే నాకు మా రేవే కళ్ళముందు తిరిగింది.

"మనం లైన్లో వచ్చాం" అనే మాటకొద్దాం. నిజమే, చాలామందిమి వచ్చాం. మా ఆవిడ కాగితాలన్నీ సక్రమమే. కానీ ఆ సక్రమం ఎంత పల్చనో నాకు తెలిసింది. నా పని కార్డు ఆవిడ వీసాకి తోకలాంటిది. కొత్త కార్డుకి దరఖాస్తు పెడితే అది వచ్చేదాకా పాతదానితో పని చేసుకునే వెసులుబాటు ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే దరఖాస్తులకి దాన్ని తీసేశారు. నాది ఆలస్యమై ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను. గురువారం సాయంత్రం దాకా నేను సూపర్‌వైజర్ని. శుక్రవారం గేటు లోపల పారపట్టినా తప్పే. ఆ ఆరు వారాలు నా బదులు లెవెలు చూసిపెట్టింది ఆ మెక్సికాలీ పెద్దాయనే, రోజూ రాత్రి ఫోన్లో ఫోటోలు పంపేవాడు.

2019 జనవరి గుర్తుందా? మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ. పెట్టింది ఇక్కడి ప్రభుత్వమే, వల వేయడానికి. పట్టుబడిన నూట ముప్పై మంది దాకా విద్యార్థులు దాదాపు అందరూ భారతీయులే, వాళ్ళలో చాలామంది తెలుగు పిల్లలు. అప్పుడు మనం లాయర్ల కోసం పరుగెత్తాం, చందాలు వేశాం, "పాపం, పిల్లలు మోసపోయారు" అన్నాం. దొంగలు అనలేదు. అనకపోవడమే సరైనది. మన పిల్లలకి దొరికిన ఆ ఒక్క మాట పక్కవాడి పిల్లలకి ఎందుకు దొరకదు?

గేట్లు తెరిచేయాలని నేను అనడం లేదు. చట్టం ఉంటుంది, అధికారులు వాళ్ళ పని వాళ్ళు చేస్తారు. నా తగువంతా "దొంగలు" అన్న మాటతో, తలూపిన నలుగురితో, ఊరుకున్న నాతో. మన యానాం పక్కనున్న కోరంగి నుంచి ఓడలెక్కి పోయినవాళ్ళని బర్మాలో ఏమని పిలిచారో తెలుసా? ఏ ఊరివాడైనా సరే, తెలుగు కూలీ అయితే చాలు, కోరంగీ. అది మర్యాదగా పిలిచిన పిలుపు కాదు.

వచ్చే శనివారం భోజనాలు మా ఇంట్లో. ఆ పెద్దమనిషినీ పిలిచాం. మాట మళ్ళీ అటు వెళితే తాతమ్మ పడవ సంగతి చెప్పేస్తానని మా ఆవిడతో అన్నాను. "అందరి ముందూ మన ఇంటి గుట్టెందుకు?" అంటోంది. పెద్దాయన్ని కూడా పిలుద్దామా అంటే మాత్రం ఒప్పుకుంది. గోంగూరలో కారం తగ్గించమంటోంది, నేను వద్దన్నాను. మా సైట్లో నాకన్నా కారం తినేది ఆయనే.