సోకులకు ముందు సంరక్షణ

ఒకప్పుడు నగరాల్లోని ధనవంతుల షెడ్లకే పరిమితమైన టర్బో స్పోర్ట్స్ కార్లు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ బేరాల్లో జిల్లాలోని మండల కేంద్రాలకూ, పల్లెలకూ వచ్చి చేరుతున్నాయి. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో కొన్నేళ్లు తిరిగిన కారు కొత్తదాని ధరలో కొంత భాగానికే దొరుకుతుంటే యువకుల మనసు అటు లాగడంలో వింత లేదు. యంత్రం మీద మోజు తప్పూ కాదు. కానీ చవకగా వచ్చిన కారు చవకగా నడవదు. ఈ సంగతి గ్రహించక, అప్పు చేసి కారు కొని, బ్రేకులు చూపించకముందే సైలెన్సరు మార్పించే ధోరణి ఆందోళన కలిగిస్తోంది. నష్టం కొన్నవారి జేబుతో ఆగితే అది వారి సొంత విషయం. రోడ్డు మాత్రం అందరిదీ.

ఇలా చేతులు మారుతున్న కార్లు పలు రకాలు. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనుతో స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. 2004లోనే భారత మార్కెట్‌కు వచ్చింది. 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జి.టి. టి.ఎస్.ఐ., 2015లో ఫియట్ అబార్త్ పుంటో, 2021లో హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ వచ్చాయి. వీటిలో కొన్నింటి తయారీ ఆగిపోయింది. పోలో ఉత్పత్తి మన దేశంలో 2022లో నిలిచిపోయింది. కాబట్టి కారు బేరమాడే ముందే దాని విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, ఎన్నాళ్లకు వస్తాయో కనుక్కోవాలి. భాగం కోసం నెలల తరబడి చెట్టు కింద నిలిచిన కారు ఎంత అందమైనదైనా ఇంటికి బరువే.

టర్బో అన్నది పల్లెలకు కొత్త మాట కాదు. లారీలకూ, బోరు బండ్లకూ, వరికోత యంత్రాలకూ ఉండేది అదే. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూచి 1905లో దీనికి పేటెంటు పొందారు. ఇంజను నుంచి వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే మండే ఇంధనమూ ఎక్కువ, శక్తీ ఎక్కువ. పోలోలో టర్బో లేని 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను శక్తి సుమారు 75 అశ్వశక్తి కాగా, దాదాపు అంతే పరిమాణం గల టర్బో ఇంజను 105 అశ్వశక్తి ఇచ్చింది.

ఆ అదనపు బలానికి ఖరీదు ఉంది. ఆ చిన్న ఇరుసు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. గట్టిగా నడిపినప్పుడు పెట్రోలు ఇంజను పొగ వేడి 900 డిగ్రీల సెంటీగ్రేడును దాటగలదు. ఇంత వేగాన్నీ, ఇంత వేడినీ తట్టుకోవడానికి ఇరుసుకు ఆధారం పలుచని ఆయిలు పొర ఒక్కటే. ఆయిలు తగ్గినా, మురికి పట్టినా, తగని రకం పోసినా మొదట దెబ్బతినేది టర్బోయే. అందుకే కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలునే వాడాలి. గడువు దాకా లాగకుండా కొంచెం ముందుగానే మార్చడం మేలు. ఆయిలులో మిగుల్చుకున్న వెయ్యి రూపాయలు టర్బో మార్పిడిలో ఎన్నో రెట్లు వదులుతాయి.

అనుభవమున్న లారీ డ్రైవరు ఎత్తు ఎక్కి వచ్చాక హోటలు ముందు బండి నిలిపి, వెంటనే ఇంజను కట్టేయడు. కాసేపు తిరగనిచ్చి ఆపుతాడు. వేడెక్కిన టర్బోకు ఆయిలు ఒక్కసారిగా ఆగిపోతే, లోపల మిగిలిన ఆయిలు మాడి నల్లని పెచ్చులు కడుతుందని అతనికి తెలుసు. అదే నియమం కారుకూ వర్తిస్తుంది. కొన్ని కొత్త కార్లలో ఇంజను ఆగాక కూడా చల్లబరిచే నీటిని తిప్పే చిన్న మోటారు ఉంటుంది. అయినప్పటికీ హైవే మీద వేగంగా వచ్చినవారు చివరి కిలోమీటరు నెమ్మదిగా నడిపి, ఒక నిమిషం ఆగి తాళం తిప్పడం మంచిది. ఉదయం స్టార్టు చేసిన వెంటనే యాక్సిలరేటరు అదిమి తొక్కరాదు. ఆయిలు వేడెక్కి అంతటా పారేదాకా నిదానంగా నడపాలి. ఈ అలవాట్లకు పైసా ఖర్చు లేదు.

ఎద్దును కొనే రైతు పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, కాడి కట్టి చూస్తాడు. అదే రైతు కొడుకు కారు కొనేటప్పుడు రంగు చూసి, పాటల పెట్టె మోత విని డబ్బు లెక్కపెట్టడం విచిత్రం. పైన పటారం, లోన లొటారం అన్న సామెత సెకండ్‌హ్యాండ్ కార్ల విషయంలో తరచు నిజమవుతుంది. కారు చూడటానికి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లాలి. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకువెళ్లాలి. ఆగకుండా నీలిపొగ వస్తుంటే ఆయిలు మండుతోందని అర్థం. టర్బో సన్నగా ఈల వేయడం సహజం. సైరను లాగా కూస్తే అనుమానించాలి. టర్బో గొట్టం విప్పితే లోపల పలుచని ఆయిలు తడి ఉండవచ్చు గానీ, ఆయిలు నిలిచి ఉండరాదు. కంప్యూటరు స్కానరు తగిలించి దాచిన లోపాలు చదివించాలి. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న కారైతే, రద్దీలో నెమ్మదిగా నడిపి కుదుపు ఉందేమో చూడాలి. దాని మరమ్మతు పెద్ద ఖర్చుతో కూడినది.

మీటరులోని కిలోమీటర్లను గుడ్డిగా నమ్మరాదు. సర్వీసు పుస్తకంలో ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లు నమోదయ్యాయో వరుసగా సరిచూడాలి. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. పాత యజమాని శక్తి పెంచే మార్పులు చేయించి, కొన్నాళ్లు విపరీతంగా తోలి, అమ్మే ముందు అన్నీ పూర్వస్థితికి తెచ్చి ఉండవచ్చు. బోల్టుల మీద కొత్త గీతలు, తెగి అతికిన వైర్లు, పాత గొట్టాల మధ్య ఒక్కటే కొత్త గొట్టం ఉండటం దానికి ఆనవాళ్లు. టైర్ల పక్కన ఉండే నాలుగంకెలూ చదవాలి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పూలు అరగకపోయినా ఏళ్లు గడిచిన టైరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 నాటికి దేశమంతటా అమలులోకి వచ్చింది గనుక, పాత కార్లలో ఇంధన గొట్టాలు, రబ్బరు సీళ్లు కూడా చూపించుకోవాలి.

ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు, ఉన్న డబ్బంతా కారు ధరకే పోసి మరమ్మతుకు చేతులు చాపడం తగదు. కారుకు పెట్టదలచిన మొత్తంలో కొంత భాగం మొదటి ఏడాది ఖర్చులకు విడిగా దాచాలి. కొన్న వారంలోనే అన్ని ఆయిళ్లు, ఫిల్టర్లు, బ్రేకు ద్రవం మార్పించాలి. అవసరమైతే టైర్లు, బ్రేకు ప్యాడ్లు మార్చాలి. ఇవన్నీ అయ్యాకే సోకుల సంగతి.

సోకుల్లో అన్నీ చెడ్డవి కావు. కంపెనీ చెప్పిన కొలతలో మంచి టైర్లు, నాణ్యమైన బ్రేకు ప్యాడ్లు, సీటు కవర్లు, శ్రద్ధగా చేసిన పాలిషు ఎవరికీ హాని చేయవు. చిక్కు వచ్చేది మూడింటితో. మొదటిది, ఇంజనును నడిపే కంప్యూటరు లెక్కలు మార్చి శక్తి పెంచడం. దీనితో టర్బో ఒత్తిడి, వేడి, క్లచ్ మీద బరువు ఒకేసారి పెరుగుతాయి. అప్పటికే అలసిన ఇంజనుకు ఇది కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే. రెండవది, స్ప్రింగులు కోసి కారును నేలకు దించడం. గుర్తులు లేని స్పీడు బ్రేకర్లున్న పల్లె రోడ్ల మీద అడుగున ఉన్న ఆయిలు తొట్టి రాసుకుని పగలవచ్చు. ఆయిలు కారిపోయిన కొద్దిసేపటికే టర్బో, దాని వెంట ఇంజను పోతాయి. మూడవది, సైలెన్సరును, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరును పీకి తుపాకీ మోత పుట్టించడం. పరీక్షలకు చదివే పిల్లలకూ, నిద్రపట్టని ముసలివారికీ, కట్టుతెంచుకునే పశువులకూ ఈ మోతలో ఏ సౌందర్యమూ కనిపించదు.

రోడ్లు కూడా నగరపు రేసు మైదానాలు కావు. వాటి మీద ధాన్యం ఆరబోస్తారు, ఉలవ కట్టె నూర్పిడికి పరుస్తారు. ఆ చెత్త కారు అడుగున చుట్టుకుని వేడి గొట్టాలకు తగిలితే నిప్పు రాజుకుంటుంది. నేలకు దించిన కారుకు ఈ ముప్పు మరింత ఎక్కువ. రాత్రిపూట వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీలు ఎదురవుతాయి. పంటను రోడ్డున పోయడమూ, దీపం లేకుండా ట్రాలీ తోలడమూ తప్పే. అయితే ఆ తప్పులున్న రోడ్డు మీద శక్తి పెంచిన కారును, బ్రేకులు పెంచకుండా పరిగెత్తించడం అంతకంటే పెద్ద తప్పు.

చట్టం సంగతి తెలియదనడం చెల్లదు. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టానికి అదే ఏడాది జరిగిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కారు రంగు మార్చినా రవాణా శాఖకు తెలిపి ఆర్.సి.లో నమోదు చేయించుకోవాలి. మార్పుల సంగతి దాచితే, ప్రమాదం జరిగినప్పుడు సొంత కారు నష్టానికి పరిహారం ఇవ్వడానికి బీమా కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు. అప్పు తీరకముందే కారూ, పరిహారమూ రెండూ పోతే ఆ కుటుంబానికి దిక్కెవరు?

కాగితాల విషయంలోనూ అలసత్వం పనికిరాదు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ నంబరు కారు కూడా పొరుగు రాష్ట్రపు కారే. దాన్ని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. బేరమాడేటప్పుడే ఈ పన్నును ధరలో కలిపి చూసుకోకపోతే చవక బేరం ఖరీదైపోతుంది. కారు మీద పాత అప్పు తీరినట్లు బ్యాంకు పత్రం చూడాలి. కొన్నవారు 30 రోజుల్లో ఆర్.సి. మార్పుకు, 14 రోజుల్లో బీమా మార్పుకు దరఖాస్తు చేయాలి. అమ్మినవారూ నిశ్చింతగా కూర్చోరాదు. డబ్బు తీసుకుని కారు అప్పగించినా, రికార్డులో పేరున్న యజమానే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎవరో చేసిన ప్రమాదానికి ఇంకెవరో కోర్టు మెట్లు ఎక్కవలసి వస్తుంది.

సెకండ్‌హ్యాండ్ వాహనాల డీలర్లకు రవాణా శాఖ ధ్రువపత్రం ఉండాలనీ, అమ్మకానికి తమకు అప్పగించిన ప్రతి వాహనం సంగతినీ వారు అధికారులకు తెలియజేయాలనీ కేంద్రం చేసిన నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. నిబంధన మంచిదే. అది కాగితం మీద ఉండి, బేరాలు టీ కొట్టు బల్లల మీద సాగితే కొనేవారికి రక్షణ ఏముంటుంది? జిల్లాలో ధ్రువపత్రం గల డీలర్ల జాబితాను రవాణా కార్యాలయం గోడ మీదా, పంచాయతీ కార్యాలయాల్లోనూ అంటించాలి. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన కార్లకు నంబరు ఇచ్చేముందు ఛాసిస్ నంబరుతో సరిపెట్టకుండా, సైలెన్సరు, స్ప్రింగులు, టైర్లు కూడా చూడాలి. పోలీసులు ఏడాదికోసారి సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించి ఫొటోలు దిగడంతో బాధ్యత తీరదు. ఆ సైలెన్సర్లు ఏ దుకాణంలో బిగించారో ఆ దుకాణం తలుపు తట్టాలి.

కుర్రవాళ్ల చేతిలోని నైపుణ్యాన్ని కూడా నేరంగా చూడరాదు. ఒక ఇంజను విప్పి మళ్లీ బిగించగల యువకుడు జిల్లాకు ఆస్తి. ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్ చదివేవారికి టర్బో మరమ్మతు, కంప్యూటరు స్కానరు వాడకం చేతికి పని ఇచ్చి నేర్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లతో చేయి తిరిగిన మేస్త్రీలను అప్పుడప్పుడు పిలిపించి పాఠాలు చెప్పించవచ్చు. అప్పుడు యజమానులు ప్రతి చిన్న లోపానికీ నగరానికి పరిగెత్తవలసిన అవసరం తగ్గుతుంది, ఊళ్లోనే ఒకరికి ఉపాధి దొరుకుతుంది.

కొడుకు అడిగాడని పొలం తాకట్టు పెట్టి కారు కొనిచ్చే తల్లిదండ్రులు ఆ కారు ఎంత వేగంగా పోతుందని కాదు, ఎంత దూరంలో ఆగుతుందని అడగాలి. సర్వీసు పుస్తకం చూపించమనాలి. టైరు మీది అంకెలు చదవమనాలి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన యువకుడు పాత కారునైనా పదేళ్లు నడుపుకోగలడు. చెప్పలేనివాడికి కొత్త సైలెన్సరు కాదు, కొంత ఓపిక అవసరం. అధికారులు నిబంధనలను బజారు దాకా తీసుకురావాలి. కొనేవారు మోజును మెకానిక్కు మాట దాకా ఆపుకోవాలి. ఈ రెండూ జరిగితే టర్బో కారు పల్లెకు ముచ్చటే అవుతుంది గానీ ముప్పు కాదు.