పారిపోయిన దొంగ బొమ్మ ఎవరూ వెయ్యరేం?

పోయిన నెల మన గోడపత్రికకి వచ్చిన బొమ్మల్లో నాలుగు స్పైడర్‌మ్యాన్‌వే. నాలుగింట్లోనూ సాలీడు చేతిమీద కుడుతోంది. బాగానే వేశారు (ఒకదానికి ఆరు కాళ్ళే ఉన్నాయి, సాలీడుకి ఎనిమిదని సైన్సు సారు చెప్పింది మరిచారు). కానీ ఆ కథలో వెయ్యాల్సిన ఘట్టం వేరే ఉందని నా అభిప్రాయం.

మిగతా కామిక్ వీరుల సంగతి చూడండి. సూపర్‌మ్యాన్ 1938లో వచ్చాడు. గ్రహం నాశనమవుతుంటే తండ్రి పసిబిడ్డని భూమికి పంపించేశాడు. 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్‌కి చిన్నప్పుడే కళ్ళముందు అమ్మానాన్నల్ని దొంగ కాల్చేశాడు. పాపం, ఇద్దరి తప్పూ ఏమీ లేదు.

స్పైడర్‌మ్యాన్ సంగతి అలా కాదు. స్టాన్ లీ రాసి స్టీవ్ డిట్కో బొమ్మలు వేసిన ఆ కథ అమెరికాలో 1962 ఆగస్టు సంచికలో వచ్చింది. మొత్తం 11 పేజీలే. పీటర్ పార్కర్ హైస్కూలు పిల్లాడు. అమ్మానాన్నలు లేరు, పెదనాన్న బెన్, పెద్దమ్మ మే పెంచుతారు. బళ్ళో ఎవరూ కలుపుకోరు. సాలీడు కుట్టి బలం వచ్చాక ఏం చేశాడు? మంచిపని ఒక్కటీ లేదు! కుస్తీపట్టి డబ్బు గెలిచాడు, టీవీలో ఆడాడు. అక్కడే ఒక దొంగ అతని పక్కనుంచే పరిగెత్తాడు. పట్టుకో, పట్టుకో అని వెనక పోలీసు అరుస్తున్నాడు. చెయ్యి అడ్డం పెడితే చాలు. నాకెందుకులే అని వదిలేశాడు. తర్వాత పెదనాన్నని చంపినవాణ్ణి పట్టుకుని మొహం చూస్తే, వాడే!

ఆ మొహం చూసినప్పుడే అతను హీరో అయ్యాడని నేనంటాను. దీనిమీద మా డార్మెటరీలో గొడవే అయింది. "బలం లేకపోతే దొంగని ఎట్లా ఆపుతాడ్రా?" అన్నాడు నా పక్క మంచంవాడు. సరే, కానీ దొంగ పరిగెత్తిన నిమిషానికి అతనికి బలం ఉంది కదా!

ఇది నాకెందుకు తగిలిందో కూడా చెప్తాను. వానాకాలంలో ఒకరోజు తెల్లారగట్ల కుళాయి దగ్గర ఒకడు ఐదో తరగతి తమ్ముడి సబ్బు, కొత్త తువ్వాలు లాక్కున్నాడు. నేను అక్కడే ఉన్నాను. నేను కబడ్డీ టీములో ఉన్నవాణ్ణి. "ఇచ్చెయ్‌రా" అంటే ఇచ్చేసేవాడే. నా బకెట్ నిండింది, వచ్చేశాను. ఆ తమ్ముడు దసరా సెలవులకి వెళ్ళి మళ్ళీ రాలేదు. సబ్బు కోసమే రాలేదని అనను, వాళ్ళింట్లో ఏం కష్టముందో. మొన్న వాళ్ళ నాయన వచ్చి ట్రంకుపెట్టె తీసుకెళ్ళాడు. గేటుదాకా నేనే మోశాను.

వచ్చేనెల బొమ్మలు వేసేవాళ్ళు ఆ దొంగ పరిగెత్తే బొమ్మ వెయ్యండి. పక్కన ఊరికే నిలబడి చూస్తున్నవాణ్ణి కూడా. రంగు పెన్సిళ్ళు నా దగ్గరున్నాయి, ఇస్తాను.