సంఘం వారికి ఒక మాట

తిరుచ్చి పొన్మలైలో కార్ఖానా సంగు ఊదగానే క్యారియరు తగిలించుకుని సైకిలెక్కిన నాన్నల పిల్లలం మేము. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. 1946 సెప్టెంబరు 5న, సమ్మెలో పోలీసు కాల్పులకు అయిదుగురు కార్మికులు పోయింది ఇక్కడే. ఊటీ కొండరైలుకు కొత్త ఆవిరి ఇంజన్లు చేసిందీ ఇక్కడి చేతులే. మరి మన ఉగాది సంచికలో ఫోటోలెవరివండీ? డాక్టర్లవి, అమెరికా ఇంజనీర్లవి. ఫిట్టరు, వెల్డరు ఒక్కరూ లేరు. సంబంధాలప్పుడు కూడా 'నాన్న రైల్వే' అని ఊరుకుంటాం, ఏ పనో చెప్పం. (మేము గుమాస్తాలం, చేతికి మసి అంటలేదు. ఆ తప్పులో మాకూ పాలుంది.) ఈసారి మొదటి పేజీలు రిటైరైన ఫిట్టర్లకివ్వండి. పేర్లు మేమే రాసిస్తాం. మా తెలుగులో తప్పులుంటే దిద్దుకోండి.